బొమ్మ చూసి ఊరు కట్టారు: బెర్నార్డో బెల్లోట్టో కథ

ఈ రోజు ఎపిసోడ్‌ని ఒక చిన్న పనితో మొదలుపెడదాం. మీ ఫోన్‌లో గ్యాలరీ ఓపెన్ చేయండి. మీరు రోజూ నడిచే వీధి ఫోటో ఒక్కటైనా ఉందేమో చూడండి. సెల్ఫీ వెనకాల పడిన వీధి కాదు, పెళ్లి ఊరేగింపు వెనకాల కనిపించే వీధీ కాదు. పనిగట్టుకుని ఆ వీధినే తీసిన ఫోటో. నేను వెతికాను. వేలకొద్దీ ఫోటోలున్నాయి గానీ, మా వీధిది ఒక్కటీ లేదు.

ఇదెందుకు అడిగానంటే, ఈ రోజు మనం మాట్లాడుకునే మనిషి జీవితమంతా చేసిన పని అదే. ఊళ్లనీ వీధుల్నీ బొమ్మలు వేశాడు. ఆయన చనిపోయిన 164 ఏళ్లకి, ఆయన బొమ్మలు వేసిన ఊరుని సైనికులు పనిగట్టుకుని నేలమట్టం చేశారు. ఆ తర్వాత ఆ ఊరివాళ్లు తిరిగి కట్టుకునేటప్పుడు ముందు పెట్టుకున్న కాగితాల్లో, కొలతల్లో, ఫోటోల్లో ఆయన బొమ్మలు కూడా ఉన్నాయి. ఆ మనిషి పేరు బెర్నార్డో బెల్లోట్టో. ఊరు పోలండ్ రాజధాని వార్సా. ఆయన పుట్టింది మాత్రం ఇటలీలో, వెనిస్‌లో.

ముందు వెనిస్ సంగతి చూద్దాం. 18వ శతాబ్దంలో యూరప్‌లో, ముఖ్యంగా ఇంగ్లండ్‌లో, డబ్బున్న కుటుంబాల కుర్రాళ్లు చదువైపోయాక ఇటలీ యాత్రకి వెళ్లేవాళ్లు. రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ చూసి రావడం అప్పట్లో ఒక హోదా. మరి వెళ్లొచ్చినట్టు గుర్తు కావాలి కదా! కెమెరాలు లేవు. అందుకని ఆ ఊరి బొమ్మ వేయించుకుని ఇంటికి పట్టుకెళ్లేవాళ్లు. అలా పుట్టిన మార్కెట్‌తో బాగా పెరిగిన చిత్రకళని ఇటాలియన్‌లో 'వెదూత' అంటారు. అంటే దృశ్యం, కంటికి కనిపించేది. దేవుళ్లు, రాజులు, పురాణాలు కాదు. కాలువ, వంతెన, చర్చి, మేడ, వాటి ముందు తిరిగే జనం.

ఈ పనిలో అందరికంటే పెద్ద పేరు కానలెట్టోది. అసలు పేరు జొవాన్ని ఆంటోనియో కెనాల్, పుట్టింది 1697లో. వాళ్ల నాన్న నాటకాలకి తెరలు వేసేవాడు. స్టేజి వెనకాల ఒక గుడ్డ మీద మేడలూ వీధులూ లోతుగా కనిపించేలా వేయాలంటే కొలతలు తెలియాలి. కానలెట్టో ఆ పని అక్కడే నేర్చుకున్నాడు. ఆ కానలెట్టోకి స్వయానా మేనల్లుడు మన బెల్లోట్టో. 1721 ప్రాంతంలో పుట్టాడు. పదిహేనేళ్ల వయసుకే మేనమామ దగ్గర పనికి చేరాడు, 1738 నాటికి వెనిస్ చిత్రకారుల సంఘంలో సభ్యుడయ్యాడు. అంటే మనవాళ్లు ఇంటర్ చదివే వయసు!

ఎంత బాగా నేర్చుకున్నాడంటే, ఆ రోజుల్లో వచ్చిన కొన్ని బొమ్మలు మామవా, అల్లుడివా అని తేల్చడానికి నిపుణులు ఇప్పటికీ తలలు పట్టుకుంటారు. దానికి తోడు ఈయన తన సంతకంలో 'కానలెట్టో అని పిలిచే బెర్నార్డో బెల్లోట్టో' అని కూడా రాసేవాడు. మామ పేరు అంటే అప్పటికి యూరప్‌లో ఒక బ్రాండ్. ఆ బ్రాండ్ వాడుకున్నాడు. దాని ఫలితం ఏంటంటే, జర్మనీలోనూ పోలండ్‌లోనూ ఇప్పటికీ చాలామంది కానలెట్టో అంటే ఈయనే అనుకుంటారు. మిగతా ప్రపంచమేమో ఈయన పేరే సరిగా వినలేదు. అరువు పేరుతో పనైతే నడిచింది గానీ, సొంత పేరు నీడలో పడిపోయింది.

సరే, ఇంత పక్కాగా బొమ్మలు ఎలా వేసేవాళ్లు? ఇక్కడ మీ చేతిలో ఉన్న ఫోనే ఉదాహరణ. చీకటి గదికి ఒక వైపు చిన్న బెజ్జం ఉంటే, బయటి వెలుగు అందులోంచి వచ్చి ఎదురు గోడ మీద బయటి దృశ్యం తలకిందులుగా పడుతుంది. దీన్ని కెమెరా అబ్స్క్యూరా అంటారు, అంటే చీకటి గది. 'కెమెరా' అన్న మాటే అక్కడి నుంచి వచ్చింది. ఆ గదిని చిన్న చెక్కపెట్టెగా చేసి, బెజ్జం దగ్గర కటకం బిగించి, లోపల ఒక అద్దం ఏటవాలుగా పెడితే, దృశ్యం పెట్టె పైభాగంలో ఉన్న గాజు మీద పడుతుంది. దాని మీద పల్చని కాగితం పెట్టి గీతలు దిద్దుకోవచ్చు. మీ ఫోన్‌లో ఆ గాజు ఉండాల్సిన చోట సెన్సర్ ఉంది. సూత్రం మాత్రం అదే.

అయితే దీన్ని విని 'ఓహ్, ట్రేసింగేనా' అనుకోకండి. ఈ పెట్టె వాడి ఉంటారన్నది నిజమే అనుకున్నా, అది ఇచ్చేది ముడి గీతలు మాత్రమే. ఒక పెద్ద కూడలి మొత్తం ఒక్క చూపులో పట్టదు. నాలుగైదు చోట్ల గీసుకున్న ముక్కల్ని కలిపి, స్కేలు పట్టుకుని కొలతలు సరిచేసి, రెండు మీటర్లకి పైగా వెడల్పున్న కాన్వాస్ మీదకి ఎక్కించాలి. మన పనోరమా మోడ్ చేసే కుట్టుపని ఉంది చూశారా, దాన్ని ఈయన చేత్తో చేశాడు. ఆ తర్వాత వెలుగు, నీడ, రంగు. అవి ఏ పెట్టే ఇవ్వదు.

1740లలో బెల్లోట్టో రోమ్, ఫ్లోరెన్స్, టురిన్, వెరోనా, మిలాన్ ప్రాంతాలు తిరిగి అక్కడి దృశ్యాలు వేశాడు. ఆ దశాబ్దంలోనే యూరప్‌లో యుద్ధం వల్ల వెనిస్‌కి వచ్చే యాత్రికులు తగ్గిపోయారు. గిరాకీ పడిపోయింది. మేనమామ 1746లో లండన్ వెళ్లాడు. అల్లుడు 1747లో జర్మనీలోని డ్రెస్డెన్‌కి వెళ్లాడు. అక్కడ రాజు మూడో ఆగస్టస్. శాక్సనీకి పాలకుడు, పోలండ్‌కి కూడా రాజు. మరుసటి ఏడాదే బెల్లోట్టో ఆస్థాన చిత్రకారుడయ్యాడు. అప్పటికి ఇరవై ఏడేళ్ల వయసు.

డ్రెస్డెన్‌లోనే ఆయన మామ నుంచి వేరుపడ్డాడు. కానలెట్టో వెనిస్ ఎప్పుడూ పండగ పూట ఇల్లులా ఉంటుంది. ఎండ, మెరిసే నీళ్లు, అందమైన పడవలు. బెల్లోట్టో రంగులు చల్లగా ఉంటాయి, నీడలు పొడుగ్గా, నల్లగా పడతాయి. ఎల్బే నది అవతలి ఒడ్డు నుంచి 1748లో ఆయన వేసిన డ్రెస్డెన్ బొమ్మలో వంతెన, చర్చి గోపురాలు, వాటి నీడలు నీళ్లలో కనిపిస్తాయి. ఈ రోజుకీ డ్రెస్డెన్‌లో ఆ చోటుని 'కానలెట్టో చూపు' అంటారు. పర్యాటకులు అక్కడే నిలబడి ఫోటో దిగుతారు.

ఇంతవరకూ బాగానే ఉంది. 1756లో ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ శాక్సనీ మీదకి దండెత్తాడు. ఏడేళ్ల యుద్ధం మొదలైంది. రాజు వార్సాకి వెళ్లిపోయాడు. బెల్లోట్టో పని వెతుక్కుంటూ వియన్నా వెళ్లాడు, ఆ తర్వాత మ్యూనిక్. ఆయన ఊళ్లో లేనప్పుడే, 1760లో, ప్రష్యన్ ఫిరంగులు డ్రెస్డెన్ మీద నిప్పులు కురిపించాయి. ఆయన ఇల్లు పోయింది. ఇంట్లో దాచుకున్న బొమ్మలు, ముద్రలు తీసుకునే రాగి పలకలు పోయాయి. ఏళ్ల తరబడి చేసిన కష్టం. మనకైతే హార్డ్ డిస్క్ కాలిపోయింది, బ్యాకప్ లేదు అన్నట్టు.

తిరిగొచ్చాక ఏమైందో చూడండి. 1763లో రాజు చనిపోయాడు, అదే ఏడాది ఆదరించిన మంత్రి బ్రూల్ కూడా పోయాడు. కొత్తగా పెట్టిన చిత్రకళా అకాడమీలో కొలతల గీతలు నేర్పే ఉద్యోగం ఇచ్చారు, చాలా తక్కువ జీతానికి. ఒకప్పుడు ఆస్థాన చిత్రకారుడు!

ఆ రోజుల్లో, 1765లో, ఆయన వేసిన బొమ్మ ఒకటుంది. నాకు ఆయన బొమ్మలన్నింట్లో ఇదే ఎక్కువ ఇష్టం. డ్రెస్డెన్‌లో క్రాయిజ్‌కిర్షె అనే పెద్ద చర్చి 1760 దాడిలో కాలిపోయింది. దాని గోపురం మాత్రం మొండిగా నిలబడింది. మరమ్మతు పనులు జరుగుతుండగా 1765లో అది కూడా ఒక పక్క కుప్పకూలింది. బెల్లోట్టో దాన్నే వేశాడు. నిలువునా చీలిపోయిన గోపురం, లోపలి గదులు బయటికి కనిపిస్తుంటాయి. కింద కొండంత రాళ్లగుట్ట. దాని మీద చీమల్లా పనివాళ్లు. ముందు వైపు జనం నిలబడి చూస్తున్నారు. ఏడుపు లేదు, దేవదూతలు లేరు, మబ్బుల్లోంచి వెలుగూ లేదు. పదిహేడేళ్ల కిందట అదే ఊరి అందాన్ని ఎంత ఓపిగ్గా వేశాడో, ఆ శిథిలాన్నీ అంతే ఓపిగ్గా, ఇటుక ఇటుకా వేశాడు. తన ఇల్లు కూడా అలాగే పోయిందని గుర్తుపెట్టుకుని ఆ బొమ్మ చూడండి.

1766 చివర్లో డ్రెస్డెన్‌ని వదిలేశాడు. రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌కి వెళ్దామని బయల్దేరాడు. దారిలో వార్సాలో ఆగాడు. అక్కడి కొత్త రాజు స్టానిస్వాఫ్ ఆగస్ట్ పోన్యాటోవ్‌స్కీకి కళలంటే ప్రాణం. 'ఇక్కడే ఉండిపో' అన్నాడు. బెల్లోట్టో ఉండిపోయాడు, చివరిదాకా. తనతో పాటు వచ్చి పనిలో చేయందించిన కొడుకు లోరెంజో 1770లో చనిపోయాడు. ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. అదే ఏడాది తండ్రి విస్తులా నది అవతలి ఒడ్డు నుంచి వార్సా మొత్తాన్ని ఒక పెద్ద బొమ్మగా వేశాడు. అందులో ఒక మూల బొమ్మ వేసుకుంటున్న తనని కూడా చిన్నగా పెట్టుకున్నాడు.

1770 నుంచి పదేళ్లు రాజకోటలోని ఒక గది కోసం వార్సా దృశ్యాలు వరసగా వేశాడు. వాటిలో 22 ఇప్పుడు అదే కోటలో ఉన్నాయి. నేను ఈ ఎపిసోడ్ కోసం వాటిని ఫోన్‌లో జూమ్ చేసుకుంటూ ఒక రాత్రంతా కూర్చున్నా. రాజుగారి గోడకి వేసిన బొమ్మలు కదా, అన్నీ మేడలే ఉంటాయనుకున్నా. మేడలున్నాయి. కానీ మేడ పక్కన చెక్క ఇల్లుంది. పెచ్చులూడిన గోడలున్నాయి. బండి లాగే గుర్రాలు, కుక్కలు, సరుకులమ్మేవాళ్లు, బిచ్చగాళ్లు, ఊరికే నిలబడి కబుర్లు చెప్పుకునేవాళ్లు ఉన్నారు. మియోదోవా అని ఒక వీధి, ఆ పేరుకి అర్థం తేనె వీధి. అందులో ప్రతి కిటికీ లెక్కపెట్టొచ్చు. 1780 నవంబర్‌లో ఆయన చనిపోయాడు. అదే మియోదోవా వీధిలోని కపూచిన్ చర్చిలో ఖననం చేశారు.

ఆయన పోయాక 15 ఏళ్లకి, 1795లో, పోలండ్ అన్న దేశమే మ్యాప్ మీద నుంచి పోయింది. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా ముక్కలు చేసి పంచుకున్నాయి. బొమ్మలకీ స్థిమితం లేకుండా పోయింది. కొన్నింటిని నెపోలియన్ మనుషులు పారిస్‌కి పట్టుకెళ్లారు. 1830లలో రష్యా జార్ మొదటి నికొలస్ వాటిని రష్యాకి తరలించాడు. పోలండ్ మళ్లీ దేశమయ్యాక, 1920లలో తిరిగొచ్చాయి. 1939లో హిట్లర్ సైన్యం వచ్చింది. మళ్లీ పోయాయి, ఈసారి జర్మనీకి. యుద్ధమయ్యాక మళ్లీ దొరికాయి.

బొమ్మలు దొరికాయి సరే, ఊరు ఏమైంది? 1944 ఆగస్టు 1న వార్సా ప్రజలు నాజీ సైన్యం మీద తిరగబడ్డారు. 63 రోజులు పోరాడారు. లక్షన్నరకి పైగా పౌరులు చనిపోయారు. లొంగిపోయాక మిగిలినవాళ్లని ఊరి నుంచి తరిమేశారు. ఆ తర్వాత సైనికులు వీధి వీధీ తిరిగి, ఇల్లు ఇల్లూ తగలబెట్టి, డైనమైట్ పెట్టి పేల్చారు. యుద్ధంలో బాంబులు పడి కూలిపోవడం వేరు, ఇది వేరు. ఇక్కడొక ఊరు ఉండేదన్న గుర్తు కూడా మిగలకూడదని చేసిన పని. రాజకోటని కూడా ఆ ఏడాదే పేల్చేశారు. యుద్ధం ముగిసేసరికి ఊళ్లో దాదాపు 85 శాతం నాశనమైంది.

1945లో రాజధాని పునర్నిర్మాణానికి ఒక కార్యాలయం పెట్టారు. అక్కడ యాన్ జఖ్వాతోవిచ్ లాంటి ఆర్కిటెక్టులు పాత ఊరిని పాత రూపంలోనే కట్టాలని పట్టుబట్టారు. మరి పాత రూపం ఎలా తెలుస్తుంది?

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పాలి. 'వార్సా మొత్తాన్ని బెల్లోట్టో బొమ్మలు చూసే కట్టారు' అని రీల్స్‌లో చూసి ఉంటారు. అది పూర్తిగా నిజం కాదు. పాత బస్తీకి అసలు ఆధారం యుద్ధానికి ముందు ఇళ్లని కొలిచి గీసిన కాగితాలు. ఆ కొలతలు తీసింది ఎవరో తెలుసా? వార్సా పాలిటెక్నిక్‌లో ఆర్కిటెక్చర్ చదివే విద్యార్థులు, వాళ్ల గురువులు. అంటే మీ వయసువాళ్లు. ఆ కాగితాల్ని శత్రువుల కంట పడకుండా ఊరు దాటించి, పియోత్రకూవ్ అనే చోట ఒక మఠంలో దాచారు. వాటితో పాటు పాత ఫోటోలు. వాటికి తోడు బెల్లోట్టో బొమ్మలు. ఈ బొమ్మలు ఎక్కువగా పనికొచ్చింది కోట నుంచి దక్షిణానికి వెళ్లే క్రాకోవ్‌స్కియె ప్షెద్మియెశ్చె అనే రాచవీధికి, మన తేనె వీధికి.

ఫోటోలు ఉండగా బొమ్మలెందుకు? ఎందుకంటే 19వ శతాబ్దంలో చాలా ఇళ్ల మీద అదనపు అంతస్తులు వేశారు, ముఖభాగాలు మార్చేశారు. 1939 నాటి ఫోటోలో ఉన్నది ఆ మారిన రూపం. కట్టేవాళ్లకి కావాల్సింది పోలండ్ స్వతంత్రంగా ఉన్నప్పటి రూపం. అది బెల్లోట్టో దగ్గరే ఉంది. అందుకని కొన్ని ఇళ్లని 1939లో ఉన్నట్టు కాకుండా 1770లలో ఉన్నట్టు కట్టారు. కూలిపోయిన ఇల్లు కంటే కొత్తగా కట్టిన ఇల్లు పాతదిగా కనిపిస్తుందన్నమాట!

ఇంకో చిక్కు కూడా ఉంది. బెల్లోట్టో కెమెరా కాదు. బొమ్మ బాగుండాలని కూడలిని కొంచెం వెడల్పు చేసేవాడు, దగ్గరివాటిని కొంచెం దూరం జరిపేవాడు. మనం ఫిల్టర్ వేయమూ, అలాగే అనుకోండి. ఆయనకి ఆ సంగతి దాచాలని కూడా లేదు. వెనిస్ ప్రభువు వేషంలో తనని తాను వేసుకున్న ఒక ఊహాచిత్రం ఉంది. అందులో ఒక కాగితం మీద, చిత్రకారుల స్వేచ్ఛ గురించి రోమన్ కవి హొరేస్ అన్న మాట రాసి పెట్టాడు. అంటే ఆ బొమ్మలు చూసి కట్టడమంటే, ఊళ్లో ఉన్నదానితో పాటు ఒక మనిషి చూపుని కూడా కట్టడమే.

ఇది ఇక్కడితో ఆపేస్తే హాయిగా ఉంటుంది. కానీ ఇంకొకటి చెప్పకపోతే నాకు అన్యాయంగా అనిపిస్తుంది. అదే వార్సాలో నాజీలు యూదుల్ని గోడకట్టి బంధించిన ఘెట్టో ఉండేది. నాలుగు లక్షలకి పైగా మనుషుల్ని అందులో కుక్కారు. 1943లో అక్కడివాళ్లు తిరగబడ్డాక ఆ ప్రాంతాన్నంతా చదును చేశారు. యుద్ధం తర్వాత ఆ మురానూవ్ ప్రాంతాన్ని పాత రూపంలో కట్టలేదు. రాళ్లగుట్టల మీదే కొత్త అపార్ట్‌మెంట్లు లేపారు. దానికి కారణం బొమ్మలు లేకపోవడం ఒక్కటే అనను. ఆ వీధుల్లో బతికినవాళ్లే మిగల్లేదు, తిరిగి కట్టమని అడిగేవాళ్లు లేరు. కానీ ఒక్కటి మాత్రం అర్థమవుతుంది. ఎవరి వీధి బొమ్మగా మిగులుతుంది, ఎవరిది మిగలదు అన్నది రంగుల వల్లే తేలే విషయం కాదు. రాజు గోడకి ఎక్కిన వీధులు తిరిగొచ్చాయి.

పాత బస్తీ చౌక్ 1953కి సిద్ధమైంది. రాజకోటని కట్టాలని 1971లో నిర్ణయించారు, జనం చందాలు వేసుకుని కట్టుకున్నారు. 1980లో యునెస్కో వార్సా పాత బస్తీని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పాతది అని కాదు, పోయినదాన్ని అంత శ్రద్ధగా తిరిగి కట్టుకున్నందుకు. అది బెల్లోట్టో చనిపోయిన సరిగ్గా 200వ ఏడాది. 1984లో కోట తలుపులు తెరిచారు, బొమ్మలు మళ్లీ తమ గదికి చేరాయి. ఇప్పుడు ఆ గదిలో బొమ్మ చూసి, కోట బయటికి నడిస్తే అదే వీధి మీ ముందుంటుంది.

బెల్లోట్టోకి ఇవేవీ తెలియవు. తన బొమ్మలు ఒక రోజు తాపీ మేస్త్రీల దాకా వెళ్తాయని ఆయన కలలో కూడా అనుకుని ఉండడు. రాజు అడిగాడు, జీతం ఇచ్చాడు, ఈయన వేశాడు. కానీ వేసేటప్పుడు ఆ కిటికీని ఎవరు చూస్తార్లే అని వదిలేయలేదు. నాకు ఆయన దగ్గర నచ్చింది అదే.

కాబట్టి ఈ వారం ఒక పని చేయండి. మీ వీధిలో ఒక ఫోటో తీయండి. మీరు అందులో ఉండొద్దు. ఫిల్టర్ వద్దు. కిరాణా కొట్టు బోర్డు, కరెంటు స్తంభం, అరుగు మీద కూర్చున్న పెద్దాయన కనిపించాలి, ఆయన్ని అడిగే తీయండి. తేదీ, వీధి పేరు రాసి దాచండి. ముఖ్యంగా, ఎవరూ ఫోటో తీయని వీధి మీకు తెలిస్తే, ముందు అక్కడికే వెళ్లండి. నేను రేపు పొద్దున్నే మా వీధి చివర నిలబడి తీస్తాను.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ, నమస్తే.